డేవిస్ పట్టణపు సైకిలు సంఘమువారు

శాక్రమెంటో నగరమునుండి పడమరగా పోవు రైలు నదిని దాటిన కొలదిసేపటికే, చూపు సాగినంత మేరయు సమతలమైన ఒక మహాక్షేత్రమున ప్రవేశించును. శీతకాలపు వానలకు నది పొంగినపుడు ఆ వరద నగరముమీద పడకుండ మరలించుటకై ప్రత్యేకించి విడిచిపెట్టిన ఈ పల్లపునేలకు యోలో బైపాస్ అని పేరు. నీరున్న నెలలలో అది సరస్సు. నీరు తీసిన నెలలలో వరిచేను. నేను పోయినది అక్టోబరు తొలివారమగుటచే కొన్ని మళ్ళలో కోతయంత్రములు తిరుగుచుండెను. కోసిన మళ్ళలో కొంగలు వ్రాలి మేత వెదకుకొనుచుండెను. కృష్ణా డెల్టాలో పుట్టి, కాలువగట్టుమీద సైకిలు త్రొక్కి చదువుకొని, పిదప ఆ ప్రాంతపు బడులలోనే ఉపాధ్యాయత్వము నెరపిన నాకు ఆ నేల పరాయిదిగా తోచలేదు.

మా అమ్మాయి కాపురము శాక్రమెంటో శివారున ఒక క్రొత్త కాలనీలో. పిల్లలను చూడబోయి ఆ దేశమున కొన్నినెలలు గడపిన తెలుగు తలిదండ్రులెల్లరును ఎరిగిన కష్టము నాకును తప్పలేదు. ఇల్లు విశాలము, గాలి స్వచ్ఛము. అయినను కారు నడుపనేరని మనుష్యుడు గడప దాటి పోదగిన చోటు లేదు. కూరలకొట్టునకు పోవలెనన్నను దేవాలయమునకు పోవలెనన్నను అల్లుడో అమ్మాయియో ఉద్యోగమునుండి మరలివచ్చువరకు కిటికీకడ కూర్చుండవలసినదే. ఇంటిముందరి వీధి పోయి కలియు పెద్దరోడ్డున ఆరు వరుసల కార్లు ఎడతెగక పరుగెత్తుచుండగా, దానిని దాటుటకు వయసు మీరినవానికి ధైర్యము చాలదు. అట్టి స్థితిలో, పదునైదు మైళ్ళ దూరముననే, డేవిస్ అను పట్టణమున వృద్ధులును పసిపిల్లలును ఎవరి తోడును లేకుండ సైకిళ్ళపై బజారునకును బడికిని పోయివచ్చుచుందురని విన్నప్పుడు, దానిని చూడక స్వదేశమునకు మరలరాదని నిశ్చయించుకొంటిని.

రైలులోనే ఆ పట్టణపు స్వభావము కొంత తెలిసినది. ఒక పెట్టెలో క్రింది అంతస్తున సైకిళ్ళను నిలిపి పట్టీలతో బిగించు ఏర్పాటు కలదు. వాటి యజమానులు ప్రక్కనే కూర్చుండి పుస్తకములు చదువుకొనుచుండిరి. డేవిస్ స్టేషను 1913లో కట్టిన చిన్న భవనము, ఎర్రపెంకుల కప్పు, కమానుల వసారా. దాని వెలుపల వరుసలు తీరి నిలిచిన సైకిళ్ళలో క్రొత్తవి తక్కువ, తరములు మారినవి ఎక్కువ. కొన్నింటి సీటు చినిగి ప్లాస్టిక్ సంచి చుట్టబడియుండెను. కొన్నింటి ముందు బుట్టలో కూరలు, మరికొన్నింటి వెనుక పసిబిడ్డ కూర్చుండు కుర్చీ. అలంకారము కొరకు గాక పనికొరకు సైకిలు వాడు ఊరని ఆ చినిగిన సీట్లే నాకు చెప్పినవి.

స్టేషనునుండి నడచిపోదగినంత దూరమునే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖ ఉన్నది. ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున వ్యవసాయ క్షేత్రముగా ఆరంభమై, 1959లో సమగ్ర విద్యాలయముగా రూపొందిన ఆ సంస్థకు నాడు ఛాన్సలరైన ఎమిల్ మ్రాక్, ఈస్టు జాతులపై పరిశోధించిన ఆహారశాస్త్రవేత్త. విద్యాలయము విస్తరించుచున్న ఆ రోజులలో, చెట్ల నీడన సైకిలుమీద తిరుగుటకు వీలైన ఆవరణముగా దానిని రూపొందింపవలెనని ఆయన వాస్తుశిల్పులను ఆదేశించెను. ఆవరణ మధ్యభాగములోనికి కార్లు రాకుండ మూసివేసిరి. దాని ఫలమును చూడవలెనన్న, ఒక తరగతి ముగిసి మరొకటి ఆరంభమగు నడిమి పది నిమిషములలో అచ్చటి కూడలికడ నిలువవలెను. అచ్చట దీపము లేదు, పోలీసు లేడు. నేలమీద ఒక గుండ్రని తిన్నె, దాని చుట్టు బాట. గంట ముగిసినంతనే నాలుగు దిక్కులనుండి వందలకొలది సైకిళ్ళు వచ్చి, లోపల తిరుగువారికి దారియిచ్చి, సందు చూచుకొని తామును చొచ్చి, కవ్వముచుట్టు మజ్జిగవలె సుడి తిరిగి, ఎవరి దిక్కున వారు విడివడి పోవుదురు. గంట మ్రోగించిన చప్పుడు గాని అరచిన గొంతు గాని నాకు వినబడలేదు.

ఈ ఊరు సమతలమున ఉన్నది, వాన తక్కువ, అందుచే సైకిళ్ళు పెరిగినవని పలువురు చెప్పుదురు. అది సగము మాట. ఈ ఊరున్న లోయలోనే శాక్రమెంటోయు అంతే సమతలము. మా అమ్మాయి కాలనీయు అంతే సమతలము. మన డెల్టా పట్టణములు వానిని మించిన సమతలములు. నేల ఇచ్చినదానిని నిలువబెట్టుకొనుటకు మనుష్యులు పూనుకొనిరా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము నాకు మరునాడు, శనివారపు ఉదయమున, సైకిలు సంఘమువారితో తిరిగినప్పుడు దొరికెను.

డేవిస్ సైకిలు సంఘము ఒకే రోజున రెండువందల మైళ్ళు త్రొక్కు దీర్ఘయాత్రను నిర్వహించుటలో ప్రసిద్ధి చెందినది. అట్టివారి నడుమ నావంటివానికి చోటుండునా యని సందేహించితిని గాని, వారి శనివారపు తిరుగుడులలో మందగమనుల బృందమొకటి వేరుగా కలదు. పదవీవిరమణ చేసిన వ్యవసాయశాస్త్రజ్ఞుడొకరు, ఆసుపత్రి నర్సు ఒకామె, ఇద్దరును ఒకే పొడవాటి సైకిలుమీద ముందువెనుకలుగా కూర్చుండి త్రొక్కు దంపతులొకరు, తండ్రితో వచ్చిన బాలిక యొకతె. బయలుదేరుటకు ముందు నాయకురాలు నియమములు చెప్పెను: ముందున్నవారు గుంతను చేతితో చూపవలెను, వెనుక కారు వచ్చినచో చివరివారు కేక వేయవలెను, ఆ కేకను ఒకరినుండి ఒకరు ముందుకు అందింపవలెను, మలుపు వచ్చిన ప్రతిచోట ఒకరు ఆగి, అందరికంటె వెనుకబడినవారు వచ్చి తిరుగువరకు అచ్చటనే నిలువవలెను. ఆ చివరి నియమము నా హృదయమును హత్తుకొన్నది. ఎంత వెనుకబడినను మలుపుకడ నాకొరకు ఒకరు నిలిచియుందురను నమ్మికతో ఆ ఉదయమంతయు నిశ్చింతగా త్రొక్కితిని.

రస్సెల్ బులెవార్డు వెంట పడమటికి పోవు బాట ఊరు దాటి పొలములలోనికి సాగును. రోడ్డునకు ప్రక్కగా, దానినుండి విడివడి, నల్లవాల్‌నట్ వృక్షముల నీడన అది పోవుచుండగా, ఎడమప్రక్క విశ్వవిద్యాలయపు ప్రయోగక్షేత్రములు, కుడిప్రక్క ఇండ్లు, అటుపిమ్మట తోటలు. ఆ బాట నడుమ నాయకురాలు హఠాత్తుగా చేయెత్తి ఆగెను. చెట్టువేరు తారును పైకెత్తి, అడ్డముగా పగుల్చియుండెను. ఆమె సైకిలు దిగి, మోకాళ్ళపై కూర్చుండి, పగులులో వ్రేళ్ళు దూర్చి చూచెను. రెండు వ్రేళ్ళు సులభముగా పట్టెను. సన్నని టైరు దానిలో దిగినచో త్రొక్కువాడు హ్యాండిలుమీదుగా ముందుకు పడును. ఆమె జేబునుండి చిన్న నోటుబుక్కు తీసి, ఆ చోటికి ఎదురుగా ఏ చెట్టు, ఏ స్తంభము ఉన్నవో, పగులు ఎంత వెడల్పో, తేదీతో సహా వ్రాసికొనెను. ఆ పేజీ నిండ అట్టి పద్దులే: ఇచ్చట గాజుపెంకులు, అచ్చట కొమ్మ అడ్డము, ఒకచోట దీపము వెలుగుట లేదు. సోమవారమునాడు అది నగర పనుల శాఖకు పోవును. నెల తిరుగునప్పటికి బాగుపడనివానిని ఆమె మరల గుర్తుచేయును.

విహారము, విజ్ఞాపనము అనునవి అక్కడ రెండు వేర్వేరు కార్యములు కావని నాకు ఆ పగులుకడ బోధపడినది. మన నగరములలోను ఆదివారపు వేకువన రంగురంగుల దుస్తులు ధరించి నలుబది యేబది కిలోమీటర్లు త్రొక్కివచ్చు ఉత్సాహవంతుల సంఘములు నేడు కలవు. వారిని చూచి సంతోషించువారిలో నేనొకడను. అయితే ఏ రోడ్డుమీద త్రొక్కిరో ఆ రోడ్డును గూర్చి సోమవారమునాడు అడుగువారు వారిలో ఎందరు?

తిరుగుప్రయాణమున విశ్రమించినప్పుడు ఆ వృద్ధ శాస్త్రజ్ఞుడు తమ ఊరి కథను సావకాశముగా చెప్పెను. విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడగు ఫ్రాంక్ చైల్డ్, ఆయన భార్య ఈవ్, 1960ల తొలినాళ్ళలో నెదర్లండ్స్ దేశపు హేగ్ నగరమున కుటుంబముతో కొంతకాలము నివసించిరి. సైకిలు త్రొక్కువారికి రోడ్డుమీద తమదను చోటుండుట అచ్చట కన్నులార చూచి, అనుభవించి, డేవిస్‌కు మరలివచ్చునప్పటికి ఇచ్చట కార్లు పెరిగి, సైకిళ్ళు నడుపువారు రోడ్డు అంచులకు నెట్టబడుచుండిరి. దంపతులు స్థానిక పత్రికకు లేఖలు వ్రాసిరి, పొరుగువారిని కూర్చి ఒక పౌరబృందమును ఏర్పరచిరి, ఇంటింట తిరిగి సంతకములు చేయించిరి. నగరసభ ఒప్పుకొనలేదు. ఒప్పుకొననిచో సభనే మార్చవలెనని వారు తలచిరి. 1966 నగరసభ ఎన్నికలలో సైకిలు బాటల ప్రశ్న ముఖ్యమైన చర్చనీయాంశమై, వాటిని సమర్థించినవారు గెలిచిరి. అంతతో తీరలేదు, రోడ్డులో కొంత భాగమును సైకిళ్ళకే ప్రత్యేకించుటకు నాటి రాష్ట్రచట్టము అనుమతింపదు. చట్టమును మార్పించిరి, 1967లో గవర్నరు రోనాల్డ్ రీగన్ దానిపై సంతకము చేసెను. ఆ ఏడే డేవిస్ వీధులలో గీయబడిన గీతలు అమెరికా దేశమున నగరవీధులలో సైకిళ్ళకై ఏర్పడిన తొలి వరుసలని చెప్పుదురు.

ఈ కథలో నన్ను మిక్కిలి ఆకర్షించినది విజయముకంటె ఆ తరువాతి ఓర్పు. మార్గదర్శకమగు గ్రంథమేదియు ఆనాడు ఆ దేశమున లేదు గనుక, వారు ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క పద్ధతిని పరీక్షించిరి. ఒకచోట నిలిపిన కార్లకును పరుగెత్తు కార్లకును నడుమ సైకిలు వరుస. ఒకచోట నిలిపిన కార్లకును కాలిబాట అంచునకును నడుమ. సికమోర్ లేన్ అను వీధిలో కాంక్రీటు దిమ్మెలతో పూర్తిగా వేరుపరచిన బాట. మూడవది చూచుటకు భద్రమేగాని కూడలులకడ మలుపు తిరుగు కార్లకు సైకిళ్ళు కనబడక చిక్కులు వచ్చెను. అప్పటికి గీతల పద్ధతియే నిలిచినది. వేరుపరచిన బాటలే మేలని ప్రపంచము మరల గుర్తించిన పిదప, ఇటీవలి దశకమున, కూడలి మూలలలో దిమ్మెలు కట్టి డచ్చి పద్ధతిని అనుసరించిన కూడలి నొకదానిని వారు నిర్మించిరి. సికమోర్ లేన్ రస్సెల్ బులెవార్డును కలియు చోట సైకిలు బొమ్మ గల ఎరుపు, ఆకుపచ్చ దీపములు 1990లలోనే వెలసెను. కొన్ని కూడలులకడ, ఆగవలసిన చోట, నేలలో తీగను పాతిన సన్నని గాడియు, దానిమీద తెల్లరంగుతో సైకిలు గుర్తును నాకు చూపిరి. చక్రములను ఆ గాడిమీద నిలిపినచో, మనము వచ్చితిమని దీపమునకు తెలియును. కారు రాకను మాత్రమే ఎరుగు దీపముకడ వేచి వేచి విసిగిన ఎవరో అడుగగా అట్టివి ఏర్పడియుండవలెను.

నేడు ఆ చిన్నపట్టణమున, 2020 జనగణన నాటికి 66,000 పైచిలుకు జనులున్న చోట, కార్లు చొరని సైకిలు బాటలే 50 మైళ్ళకు పైబడినవి. పెద్దరోడ్లను, రైలుపట్టాలను పైనుండియో క్రిందినుండియో దాటు మార్గములు ఇరువదికి మించినవి. ఆ బాటలు ఉద్యానములను, బడులను, ఇండ్లవెనుకలను కలుపుచు పోవును. ఊరు పొలములలోనికి ప్రాకకుండ ఉండుటయు దీనికి తోడ్పడినది. అంచులనున్న సాగునేలను ఇండ్ల స్థలములుగా మార్చవలెనన్న పౌరుల ఓటు పొందవలెనని 2000లో వారు ప్రజాభిప్రాయముచే నిర్ణయించుకొనిరి. ఊరు విస్తరింపనిచో దూరములు పెరుగవు. దూరములు పెరుగనిచో సైకిలు చాలును.

స్టేషనుకు సమీపమున, రైలుపట్టాల క్రిందుగా పోవు రిచర్డ్స్ సొరంగము 1917 నాటిది. దానిలో కారునకు పోను ఒకటి, రాను ఒకటి, అంతే వరుసలు. హైవేనుండి ఊరిలోనికి వచ్చు కార్లు అచ్చట బారులు తీరును. దానిని వెడల్పు చేయుదమను ప్రతిపాదన వచ్చినపుడు, 1997లో, పౌరులు ఓటుతో నిరాకరించిరి. వెడల్పు చేసినచో ఊరి నడిబొడ్డున కార్లు వరదలై పారునని వారి వాదము. మొదట నాకిది మొండితనముగా తోచినది. ప్రక్కనే వేరుగా ఉన్న సైకిలు సొరంగమున నడచిపోయి, అవతలి పాత వీధులలో పిల్లలు నిర్భయముగా తిరుగుట చూచిన పిదప, వారిది మొండితనమని అనుటకు మనసు రాలేదు.

ఇంతటి ఊరును నిద్రపోయిన కాలము కలదని చెప్పుట న్యాయము. 1980 జనగణనలో పనికి పోవువారిలో నూటికి 28 మంది సైకిలుపై పోవుచుండగా, 2000 నాటికి ఆ లెక్క సగమైనది. ఇండ్ల ధరలు పెరుగుటచే పలువురు ఇతర పట్టణములలో నివసించి ఇచ్చటికి కార్లలో వచ్చుచుండిరి, ఇచ్చటివారు శాక్రమెంటో కొలువులకు పోవుచుండిరి. 1968లో లండన్ నగరపు పాత రెండంతస్తుల బస్సులతో విద్యార్థులు మొదలుపెట్టిన బస్సుసంస్థ చక్కగా వర్ధిల్లి కొందరిని సైకిళ్ళనుండి తనవైపునకు తిప్పుకొన్నది. వీటన్నిటికంటె పెద్ద కారణము, బాటలు ఎప్పటికిని ఉండునని ఊరివారు నమ్మి వాటి సంగతి మరచుట, అని ఆ వృద్ధుడు చెప్పెను. పోరాడినవారి తరము వృద్ధమైనది. బాటల పని చూచు నగరోద్యోగి పదవీవిరమణ చేయగా ఆయనతో కూడ ఆ పనిని గూర్చిన జ్ఞానమును పోయినది. ఆ మరపును గుర్తించిన క్రొత్తతరము నగరసభ తలుపు మరల తట్టుట ఆరంభించినది. దేశమున సైకిలునకు అనుకూలమైన నగరములకు ఇచ్చు ప్లాటినం గౌరవము 2005లో మొట్టమొదట ఈ పట్టణమునకే లభించినను, ఆ గౌరవమును చూపి ఊరకుండుట ప్రమాదమని వారు పట్టుపట్టి చెప్పుచుందురు.

నగరసభకు ప్రయాణ విషయములందు సలహా చెప్పు పౌరసంఘపు సమావేశమునకు నాయకురాలితోపాటు పోయితిని. ఎవరైనను పోయి కూర్చుండవచ్చును. మాటాడగోరువారికి కొలది నిమిషముల వ్యవధి. ఒక బడిముందరి వీధిలో కార్లు నిలుపు చోటును తీసివేసి సైకిలు వరుస వెడల్పు చేయవలెనా అన్నది ఆనాటి చర్చ. దుకాణదారుడొకడు తన బేరము పోవునని వాపోయెను. ఆయన మాటను ఎవరును ఎగతాళి చేయలేదు. ఒక తల్లి లేచి, తన ఎనిమిదేండ్ల కుమారుడు ఆ వీధిలో ఎచ్చట సైకిలు దిగి నడిపించుకొనిపోవునో, ఎందుకు దిగునో, గోడమీది పటముపై వ్రేలుపెట్టి చూపెను. ఇంజనీరు ఆ చోటును తన కాగితముపై గుర్తించుకొనెను. తీర్పు ఆనాడు తేలలేదు. కొలతలు మరల తీసుకొనిరావలెనని నిర్ణయించి తరువాతి నెలకు వాయిదా వేసిరి. ఒక వీధిలో నాలుగడుగుల స్థలముకొరకు నెలల తరబడి ఊరివారు ఇట్లు కూర్చుండి మాటలాడుకొనుట నాకు మహాసభలలోని ఉపన్యాసములకంటె గంభీరముగా తోచినది.

విశ్వవిద్యాలయపు ఆవరణములోని బైక్ బార్న్ అను పాత కొట్టమున విద్యార్థులే నడుపు మరమ్మతుశాల కలదు. అచ్చట చక్రమునకు బెండు తీయుచున్న యువకుడు నా మాటతీరు విని తలయెత్తి, "మాస్టారూ, మీది తెనాలి వైపా?" అని అడిగెను. అతనిది తెనాలియే, వ్యవసాయ శాస్త్రమున ఉన్నతవిద్యకై వచ్చినవాడు. ఖాళీ వేళలలో అచ్చట పనిచేయుచుండెను. రిమ్మును మెల్లగా త్రిప్పుచు, అది బ్రేకురబ్బరును తాకిన చోట స్పోకును ఒకవైపు వదలుచేసి మరొకవైపు బిగించుచు, "ఈ పని మా మామయ్య షాపులో నేర్చుకున్నాను. అక్కడ సైకిలు బాగుచేయడం వచ్చినవాళ్ళు బోలెడుమంది. తొక్కడానికి రోడ్డే మిగల్లేదు," అనెను.

ఆ మాటకు నాకు బడికొస్తా పథకము క్రింద మా ప్రాంతపు తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్ళు పంచిన రోజులు స్ఫురించినవి. పిల్లల ముఖములు వెలిగినవి. కాని కొందరి తండ్రులు నాకడకు వచ్చి, లారీలు తిరుగు మెయిన్‌రోడ్డుమీద ఆడపిల్లను ఎట్లు పంపుదుమని అడిగినప్పుడు నాకడ సమాధానము లేకపోయెను. హైదరాబాదున నానక్‌రామ్‌గూడ, నార్సింగి ప్రాంతములలో ఔటర్ రింగురోడ్డు ప్రక్కన, 2023లో, సౌరఫలకములే పైకప్పుగా 23 కిలోమీటర్ల సైకిలు బాట వెలసినది. ఎండకు నీడయు, దానినుండి విద్యుత్తును లభించు ఆ ఆలోచన ప్రశంసనీయము, అచ్చట వ్యాయామము చేయువారి ఆనందము నిజమైనది. దానికి వెచ్చించిన శ్రద్ధలో కొంత బడిగోడ ప్రక్కకు, కూరగాయల సంతదారికి, రైల్వేగేటుకడకు ప్రసరింపవలెనని నా కోరిక. సైకిలుమీద ప్రతిదినము బ్రతుకు నడుపుకొను పాలవాడు, తాపీపనివాడు, ఇండ్లలో పనిచేయు స్త్రీ, వీరు తిరుగునది ఆ రోడ్లమీదనే.

ఆ యువకునితో ఇదంతయు చెప్పినప్పుడు అతడు చేతులు తుడుచుకొని, బిల్లుకాగితము వెనుకప్రక్క త్రిప్పి, తెనాలిలో తాను చదువుకొన్న బడిదారిని గీయ మొదలిడెను. కాలువ, వంతెన, దాని తరువాత ఆటోలు నిలుచు మలుపు, మలుపు దాటిన పిదప గోడ. గోడకును డ్రైనేజికిని నడుమ ఎంత చోటున్నదో అతనికి గుర్తులేదు. సైకిలొకటి, దాని ప్రక్కన మనిషి ఒకడు పోవునంత కలదని నేను చెప్పితిని. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు టేపుతో కొలిచి పటము పంపెదనని, దానితో ముందు మున్సిపల్ కమిషనరుకు అర్జీ పెట్టవలెనా, వార్డు కౌన్సిలరును కలియవలెనా అని అతడు అడిగెను. రెండును ఒకేనాడు చేయుదమనియు, అర్జీ క్రింద ఆ బడిపిల్లల తలిదండ్రుల సంతకములు ఉండవలెననియు, వానిని ఇంటింటికి పోయి చేయించు పని నాదనియు చెప్పితిని.